రెండో గరిటె

కిందటి వారం భారతిని మనం అన్నం మిగిలిపోయిన డేగిసా ముందు వదిలి వచ్చాం. నలభై ఒక్కరికి వండితే ఇరవై తొమ్మిది మందే వచ్చారు. మిగతావాళ్లు ఎందుకు రాలేదో ఆమెకు అప్పటికింకా తెలియదు.

ఈ వారమే కథలోకి అడుగు పెడుతున్నవారికి నాలుగు మాటలు చెప్పుకోవాలి. కౌతాళం మండలంలో తుంగభద్ర కాలవ నీళ్లు ఎక్కని మెరక మీద ఉంది కరిగుడ్డం. ఆ ఏడు తొలకరి ముంగారు వానలూ లేవు, ఆ తర్వాతి హింగారు వానలూ లేవు. పత్తి మోకాలెత్తు దాటకుండానే మాడిపోయింది. జయన్న మేస్త్రీ లారీ తెచ్చి అరవై మందిని గుంటూరు వైపు మిరపకోతకు ఎక్కించుకు పోయాడు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, బడికి పోయే పిల్లలూ. భారతి మాత్రం లారీ ఎక్కలేదు, బడికి పోయే కూతురితో ఊళ్లోనే ఉండిపోయింది. నాలుగేళ్ల కిందట లాక్‌డౌన్‌లో అదే మిరపకోత నుంచి నడిచి వస్తూ, ఆత్మకూరు దాటాక, ఆమె భర్త హనుమన్న రోడ్డు పక్కన కూలిపోయాడు. ఆ దారి మళ్లీ తొక్కనని ఆమె ఒట్టు పెట్టుకుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి కూడా లారీ ఎక్కిపోవడంతో, మూతబడిన పాత చౌకడిపో గదిలో పొయ్యి పెట్టి, మిగిలిన వాళ్లకు మధ్యాహ్నం ఒక పూట వండి పెట్టడం మొదలుపెట్టింది. కౌతాళం ఆయకట్టు రైతు నరసన్న బియ్యం పంపాడు. భర్తను లారీ ఎక్కించి, వంటకు చర్చి పక్క వాడ నుంచి పద్మ వచ్చింది. "గంజి పోసి ఊరిని నిలబెడతావా భారతక్కా?" అని లారీ మీద నుంచి నవ్వుతూ అడిగి పోయాడు జయన్న.

ఏడు రోజులు బాగానే గడిచాయి. ఎనిమిదో రోజు పన్నెండు మంది రాలేదు.

ఆ సంగతి మర్నాడు పొద్దున చెప్పినవాడు బసన్న. డెబ్బై దాటిన మనిషి. రోజూ మనవరాలిని వేలు పట్టుకుని తీసుకువచ్చి, తిని, చెయ్యి కడుక్కుని, "సల్లగుండు పాపా" అని పోయేవాడు. ఆ పొద్దున ఒక్కడే వచ్చి డిపో అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం తాతా, నిన్న రాకపోతివి? పాపకి జొరమేమన్నా వచ్చిందా?" అని అడిగింది భారతి.

"జొరం లేదు, ఏం లేదు." బసన్న తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాగమ్మవ్వ ఒక్క దినమన్నా ఈడికొచ్చి తినిందా? సెప్పు. ఊరికంతా పెద్దది ఆమె. ఎనబై యేండ్ల మనిషి. కొడుకూ కోడలూ లారీలో పోయినారు. వండిపెట్టే దిక్కు లేదు. రెండు దినాలకొక తూరి రొట్టె కాల్చుకోని తింటాండాది గానీ ఈ గడప తొక్కలే. ఆమే పోని కాడికి మనం పోతే ఎట్లని మావోళ్లు అనుకుంటాండారు."

"ఆమె ఎందుకు రాదంట?"

బసన్న నేల చూపులు చూశాడు. గొంతు తగ్గించాడు గానీ, తగ్గించాల్సినంత తగ్గించలేదు. "ఎవురు వండుతాండారో నీకు తెలీదా పాపా?"

లోపల డేగిసా తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

పద్మ బయటికి వచ్చింది. చేతులకు బూడిద అలాగే ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, ఆదోనిలో ఒక హాస్టల్లో మూడేళ్లు వంట చేసి వచ్చింది. వంద మందికైనా చెయ్యి వణక్కుండా ఉప్పు వేయగలదు. ఆమె బసన్నతో ఏమీ అనలేదు. భారతితోనే అంది. "రేపట్నుంచి నేను రానులే అక్కా. ఇంకెవురినన్నా పెట్టుకో. నాకోసం పన్నెండు కడుపులు మాడొద్దు."

"నువ్వు రాకుంటే పొయ్యే వద్దు."

"అట్లనొద్దక్కా. పిల్లోళ్లు ఉండారు."

నిజమే, పిల్లలున్నారు. మానేసిన పన్నెండు మందిలో ఐదుగురు బడి పిల్లలే. పూట గడవకపోతే వాళ్లను కూడా మిరపతోటలకు రప్పించుకుంటారని, మళ్లీ ఆ పిల్లలు బడి మొహం చూడరని భారతికి తెలుసు. పొయ్యి పెట్టిందే అందుకు. ఆ పొయ్యి తొమ్మిదో రోజుకే రెండుగా చీలిపోతోంది. అదీ నాగమ్మవ్వ మూలంగా!

ఆమెకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువ కష్టమనిపించింది. హనుమన్న పోయిన రోజుల్లో ఊరంతా మొహాలకు గుడ్డలు కట్టుకుని ఆమె వాకిలికి దూరంగా తొలగిపోతుంటే, లోపలికి వచ్చి పక్కన కూర్చున్న ఒకే ఒక్క మనిషి నాగమ్మవ్వ. ఏమీ మాట్లాడలేదు. ఓదార్చలేదు. పొద్దున వచ్చి, పొద్దుగూకే దాకా గోడకు ఆనుకుని కూర్చుని, లేచి పోయేది. అటువంటి మనిషి మనసులో ఇటువంటిది ఉంటుందని భారతి కలలో కూడా అనుకోలేదు.

"పా పోదాం," అంది చీర కుచ్చెళ్లు దోపుకుంటూ. "ఆమె నోటితోనే విందాం."

"నేనెందుకక్కా?"

"నీ మాటే గదా అనేది. నువ్వు వినొద్దా?"

నాగమ్మవ్వది రాతిగోడల పాత మిద్దె. నడిమధ్యన పైకప్పులో ఉన్న గవాచి నుంచి ఎండ నిలువుగా దిగుతుంటే, ఆ వెలుతురు చోటున కూర్చుని ఆమె బొంత కుడుతోంది. పాత చీరల ముక్కలు చుట్టూ పరచుకుని ఉన్నాయి. సూదిలో దారం కళ్లజోడు లేకుండానే ఎక్కించుకోగలదని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. మనిషి మాత్రం బాగా తగ్గిపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"రా పాపా, కూకో."

భారతి కూర్చోలేదు. "కూకోనీకె రాలేదవ్వా. ఒక మాట అడిగి పోదామని వచ్చినా."

"అడుగు."

"నీ వల్ల పన్నెండు మంది అన్నం మానుకున్యారు."

సూది ఆగింది. "నా వల్లనా?"

"పద్మ సేతి కూడు నువ్వు తినవని, అందుకే రావని ఊరంతా అంటాండారు. అవునో కాదో నువ్వే సెప్పు. అవునంటే ఈ పొద్దే పొయ్యి ఆర్పేస్తా. ఒగరి సేతిని తక్కువ సేసి ఇంకొకరి కడుపు నింపే పని నాకొద్దు." మొదలుపెట్టినప్పుడు ఉన్నంత గట్టిగా గొంతు చివరిదాకా నిలబడలేదు. "నువ్వు అట్లాంటి మనిషివని నేను ఎప్పుడూ అనుకోలేదవ్వా."

నాగమ్మవ్వ సూదిని బొంతకు గుచ్చి, కళ్లు చికిలించి గడప వైపు చూసింది.

"ఆడ నిలబడుకున్నది ఎవురు?"

"పద్మ."

"ఎండలో ఎందుకు నిలబెట్టినావే దాన్ని? లోపలికి రా పాపా."

పద్మ కదల్లేదు. ఆ గడప దాటడం ఆమెకు అలవాటు లేని పని. ఆమె తల్లికీ లేదు, ఆ తల్లికి తల్లికీ లేదు.

నాగమ్మవ్వ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. గోడ పట్టుకుని గడప దాకా నడిచి, పద్మ మణికట్టు పట్టుకుని లోపలికి తెచ్చింది. బూడిద ఇంకా కడుక్కోని చెయ్యి అది. మూలనున్న కుండలో చెంబు ముంచి ఇచ్చింది. పద్మ చెంబు ఎత్తి సగం తాగింది. మిగిలిన సగాన్ని నాగమ్మవ్వ తన నోట్లో పోసుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ తన చోటున కూర్చుంది.

భారతి ఒక అడుగు ముందుకు వేసింది. "మరి ఎందుకు రావవ్వా?"

"నేను యాడా తిననే." ముసలామె గొంతులో విసుగు లేదు, కోపం లేదు. "మా మనవడి పెండ్లిలో తిన్నానా? ఉరుకుంద జాతరలో అంత మందికి పెడతారే, ఆడ ఎప్పుడన్నా పంక్తిలో కూకున్నానా? బాగా తలుసుకో."

భారతి తలచుకుంది. నిజమే. పెళ్లిళ్లలో నాగమ్మవ్వ ఉపవాసం అనేది. జాతరలో చిన్నపిల్లలను చూసుకుంటానని బండి దగ్గరే ఉండిపోయేది. ఇన్నేళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. ముసలివాళ్ల నేమాలు ముసలివాళ్లకుంటాయి అనుకున్నారు.

"పదిమందికి ఒక్క కుండలో వండి, గరిటెతో పోస్తాంటే, ఆడ నిలబడుకోని అన్నం తట్ట పట్టడం నాతో కాదు పాపా. ఎనిమిదేండ్లప్పుడు పట్టినా. మళ్లా పట్టలేదు." ఆమె బొంత మీద చేత్తో రాసింది. "కూకోండి ఇద్దరూ. ఇది నా పెనిమిటికి గూడా సెప్పలే. మీరు ఇంత మాట తెచ్చినారు గాబట్టి సెప్తా."

ఇద్దరూ కూర్చున్నారు.

డెబ్బై ఏళ్ల కిందటి గంజి కరువు నాటి మాట అది. నాగమ్మవ్వ పుట్టిల్లు ఆదోనికి అవతల, కోసిగి తోవలో ఒక చిన్న ఊరు. అప్పటికి మూడేళ్లుగా వానలు లేవు. గొడ్లను సంతకు తోలేశారు. చెట్ల ఆకులు కూడా ఉడకబెట్టుకున్నారు. తుంగభద్ర కాలవ తవ్వకానికి కూలోళ్లు కావాలంటే ఆమె నాయన గంపా పారా తీసుకుని పోయాడు. ఇంట్లో తల్లి, ఎనిమిదేళ్ల నాగమ్మ, నాలుగేళ్ల తమ్ముడు ఈరన్న. తల్లి మంచం పట్టింది. ఊరి బయట గంజి కేంద్రం పెట్టారు. జొరం పట్టిన పసిపిల్లలకు తప్ప, మనిషి కనపడితేనే గంజి. మనిషికి ఒక గరిటె.

"దినామూ తమ్ముణ్ణి సంకనేసుకోని పోతాంటి. రెండు సత్తు గిన్నెలు. నాదొకటి, వాందొకటి. పోసే ఆయన పేరు యేసురత్నం. ఆదోని చర్చి కాన్నుంచి వచ్చినోడు."

పద్మ తలెత్తింది. "మావోళ్లా అవ్వా?"

"మీవోళ్లే. మొదటి దినం మా ఊరోళ్లు శానామంది తినలే, ఆయన సేతిదని. రెండో దినం లైన్లో నిలబడుకున్యారు. మూడో దినం, 'రత్నమప్పా, అడుగున సిక్కగా ఉంటాది, ఆడ ముంచు' అని అడుక్కున్యారు." ముసలామె కొంచెంగా నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది. "ఒక సోమవారం తెల్లారి సూస్తే ఈరన్న లేవలే. పక్కింటి మామ ఎత్తుకోని పోయి గుట్ట కింద పెట్టి వచ్చినాడు. ఏడ్సేదానికి గూడా మా యమ్మకు సత్తువ ల్యా. గోడ పక్కకి తిరిగి పండుకునింది."

ఆమె బొంత అంచు సర్దుకుంది. "మర్సటి దినం నేను కేంద్రానికి పోతి. ఎందుకో తెలీదు, రెండు గిన్నెలూ సేతికొచ్చినాయి. అలవాటు గదా. లైన్లో నా వంతు వచ్చినాక సూసుకుంటే రెండు గిన్నెలుండాయి. 'తమ్ముడు యాడ పాపా?' అని అడిగినాడు ఆయన. నోట్లో నుంచి అట్లనే వచ్చేసింది. 'జొరమప్పా. ఇంటికాడ పండుకున్నాడు.' ఆయన రెండో గిన్నెలో గూడా పోసినాడు."

మిద్దె పైన పావురాలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పద్మ కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"నా గిన్నె యమ్మకిచ్చినా. వాని గిన్నె నేను తాగినా. ఇంటికి పోకముందే, తోవలో బండసాటున కూకోని తాగినా. ఒక దినం కాదు. పందొమ్మిది దినాలు. దినామూ ఆయన అడిగేవాడు, 'తమ్మునికి ఎట్లుంది పాపా?' అని. 'జొరం ఇంగా తగ్గలే' అని సెప్తాంటి. ఆయన పోస్తాండె. ఆ గంజి యమ్మనూ నిలబెట్టింది, నన్నూ నిలబెట్టింది. సచ్చిపోయినోని కూడు తిని బతికినా పాపా. నా కడుపున పుట్టినోళ్లు, వాళ్ల కడుపున పుట్టినోళ్లు, అందరూ వాని వంతుదే. ఇంగ నేను యా పంక్తిలో పోయి తట్ట పట్టాల? పక్కన వాడు గిన్నె పట్టుకోని నిలబడుకున్నట్లే ఉంటాది."

పద్మ అడిగింది. "ఆయనకి తెలీలేదా అవ్వా?"

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి దినమే. వానలు పడి కేంద్రం ఎత్తేసే దినం నన్ను పక్కకి పిలిసినాడు. నా ఎత్తుకి వంగి, మెల్లగా అడిగినాడు, 'ఈరన్నను యాడ పెట్టినారమ్మా? పోయి దండం పెట్టుకోని వస్తా' అని. గుంత తవ్వనీకె మా మామకు పార ఇచ్చిందే ఆయనంట! తెలిసీ పందొమ్మిది దినాలు పోసినాడు."

"తెలిసినప్పుడు దినామూ ఎందుకు అడిగినాడు? నీ సేత అబద్ధం సెప్పించనీకెనా?" భారతికి ఆ మాట మింగుడు పడలేదు.

"నేనూ శానా యేండ్లు అట్లనే అనుకున్యా. నన్ను సతాయించనీకె అడిగినాడని. పెండ్లయి, ఇద్దరు బిడ్డలు పుట్టినాక, ఒక దినం కలుపు తీస్తాంటే తట్టింది పాపా. డేగిసా పక్కన కుర్చీ ఏసుకోని ఒక ఆఫీసరు కూకునేవాడు. ఎవురికి ఎన్ని గరిటెలో సూసేవాడు. రత్నమప్ప అడిగింది నన్ను కాదు. ఆ కుర్చీలో ఆయనకి వినపడాలని, గట్టిగా అడిగేవాడు." ఆమె కళ్లు తుడుచుకోలేదు. కళ్లు తడిసినట్టు కూడా లేవు. "మనిషి అబద్ధం నెత్తిన పెట్టుకోని బతికించినాడు నన్ను. నేనేమో ఆ పొద్దు జవాబు గూడా సెప్పకుండా పరిగెత్తినా. మళ్లా ఆయన్ని సూడలే."

ఎండ పలక నేల మీద జానెడు జరిగింది. భారతి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ ఉంది. ఈ నాలుగేళ్లలో ఆమె ఒక మాట ఎవరికీ చెప్పలేదు. తల్లికి చెప్పలేదు. హనుమన్న తమ్ముడు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఇప్పుడు అది తనంతట తానే కదిలి గొంతులోకి వచ్చింది.

"అవ్వా, మా ఇంటాయన గూడా అట్లనే అబద్ధం సెప్పినాడు," అంది. "ఆత్మకూరు దాటినాక మాకాడ ఒక్క బాటిల్ నీళ్లుండె. సగం. 'నేను ఇందాకే ఆడ బోరుకాడ తాగొచ్చినా, నువ్వు తాగు' అన్నాడు. ఆడ బోరు లేదు. నేనూ ఆ తోవనే వచ్చినా గదా, నాకు తెలుసు లేదని. అయినా తాగేసినా. మొత్తం తాగేసినా. ఒక మైలు గూడా నడవలే ఆయన."

పద్మ చెయ్యి వచ్చి ఆమె భుజం మీద ఆగింది.

నాగమ్మవ్వ బొంతను పక్కకు జరిపింది. తర్వాత, అమ్మలక్కలు బావి దగ్గర మాట్లాడుకునేంత మామూలుగా అంది. "మంచి పని సేసినావు. తాగకుంటే ఇద్దరూ పోయిందురు. మీ పాప దిక్కులేనిదై పోయుండు."

అంత మామూలుగా అనబట్టే భారతికి ఏడుపు వచ్చింది. నాలుగేళ్లుగా దాచుకున్న ఏడుపు. పెద్దగా ఏమీ కాదు. ఒళ్లో ఉన్న చేతుల మీద చుక్కలు చుక్కలుగా పడింది. అవ్వ ఆపమనలేదు. బొంత దగ్గరికి లాక్కుని సూది తీసి రెండు కుట్లు వేసింది.

"ఆ బియ్యం యాడివే?" అని అడిగింది కాసేపటికి.

"కౌతాళం నరసన్న పంపినాడు."

"కాలవ కింద పండినేవే గదా?"

"ఊఁ."

"మా నాయన మన్ను మోసిన కాలవ." ముసలామె దారం చేత్తో తెంపింది. "ఆ కాలవ తవ్వేకాడ ఎంత మంది పడిపోయినారో లెక్క లేదు. నీళ్లొచ్చినాక మా నాయన పోయి సూసి వచ్చినాడు. 'మన మెరకకు ఎక్కవమ్మే, కిందోళ్లకి పోతాండాయి' అని నవ్వినాడు. కడుపుమంటతో నవ్వినాడనుకున్యా. ఇప్పుడు సూస్తే, ఆ గింజ ఈ ఊరికొచ్చి మన పిల్లోళ్ల తట్టలో పడతాండాది. డెబ్బై యేండ్లు పట్టింది, అంతే."

లేచేటప్పుడు పద్మ అడిగింది, "రేపు వస్తావా అవ్వా?"

"వస్తాలే. ముద్ద దిగుతుందో లేదో నాకే తెలీదు. నువ్వు పప్పు కొంచెం పల్సగా సెయ్యి, నాకు పండ్లు లేవు."

మర్నాడు బడి మధ్యాహ్నం గంట కొట్టక ముందే నాగమ్మవ్వ ఇంట్లోంచి బయలుదేరింది. కర్ర పట్టుకుని, కుంకుడుకాయతో తలంటుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని. వీధి పొడవునా అరుగుల మీద ఉన్నవాళ్లు మాటలు ఆపి చూశారు. బసన్న తువాలు భుజాన వేసుకుని నాలుగు అడుగులు వెనక నడిచాడు. ఆయన వెనక ఇంకా కొందరు. ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్లే వాళ్లంతా.

డిపో గదిలో అన్నం తినే తట్టలు పరిచి ఉన్నాయి. నాగమ్మవ్వ గోడ వారగా కూర్చుని, ఒక తట్ట తీసుకుని, పద్మ వైపు పట్టింది. ఎనిమిదేళ్లప్పటి తర్వాత ఆమె పంక్తిలో తట్ట పట్టడం ఇదే. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

పద్మ అన్నం పెట్టింది. పైన పప్పు పోసింది. నాగమ్మవ్వ ముద్ద కలిపి, నోటి దాకా తీసుకుపోయి, ఆపింది. ఆమె పెదాలు కదిలాయి. దేవుడి పేరు తలచుకుందని బయటివాళ్లు అనుకున్నారు. పక్కనే కూర్చున్న భారతికి మాత్రం ఆ పేరు స్పష్టంగా వినిపించింది. ఈరన్న.

ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముద్ద కలిపింది.

"ఉప్పు సరిపోలేదే," అంది పద్మతో, అందరికీ వినపడేటట్టు.

పద్మ నవ్వేసింది. ఏడుస్తూ నవ్వింది. బసన్న వాకిట్లో చెప్పులు విడిచి, ఎవరి మొహమూ చూడకుండా వచ్చి ఒక తట్ట తీసుకున్నాడు. "పాప బడి నుంచి వస్తాంది, దానికీ ఒకటి పెట్టి ఉంచు పద్మమ్మా," అన్నాడు. ఆ ఊళ్లో పద్మను 'పద్మమ్మా' అని ఒక పెద్దమనిషి పిలవడం అదే మొదలు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. గంట కొట్టాక పిల్లలు పరిగెత్తుకొచ్చారు. భారతి లెక్కపెట్టుకుంది. నాగమ్మవ్వతో కలిపి నలభై రెండు. అందరూ.

తిన్నాక నాగమ్మవ్వ ఇంటికి పోలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి డేగిసా పక్కన పీట వేయించుకుని గరిటె అడిగింది. "నువ్వు పొద్దున్నుంచి నిలబడుకున్నావు, కూకోని తిను. నేను పోస్తా," అని పద్మను తోసింది. పిల్లలు రెండోసారి వచ్చినప్పుడు ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. తట్ట ముందుకు వస్తే పోసింది, అంతే. ఆ ముడతల మొహంలో ఒక తేట కనిపించింది భారతికి. వాన వెలిసిన పొద్దున చేను ఉన్నట్టు ఉంది. ఎన్నాళ్లకో తనకూ ఆకలి వేసింది. పద్మ పక్కనే తట్ట పెట్టుకుని కూర్చుంది.

రెండు ముద్దలు తిన్నదో లేదో, ఊరి మొదట్లో లారీ చప్పుడు వినిపించింది.

ఈ కాలంలో ఈ ఊరికి లారీ రాదు. పోయినవాళ్లు తిరిగొచ్చేది ఉగాది దగ్గర పడ్డాకే. ఊళ్లో ఉన్న వాళ్లంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి అందరూ ఒక్కసారే వాకిట్లోకి వచ్చారు. దుమ్ములోంచి వచ్చి డిపో ముందు ఆగింది లారీ. జయన్న మేస్త్రీ తెచ్చిన లారీయే. వెనక బాడీలో నిలబడ్డ మనుషులు దిగడానికి కూడా తొందరపడలేదు. మూటలు తడిసి ఉన్నాయి. నాగమ్మవ్వ కొడుకు దిగాడు, కోడలు దిగింది. పద్మ భర్త దిగి, భార్యను చూసి, తల దించుకున్నాడు.

ముందు క్యాబిన్‌లోంచి జయన్న దిగాడు. పోయేటప్పుడు ఉన్న నవ్వు మొహంలో లేదు. గడ్డం మాసి ఉంది.

"ఏమైంది జయన్నా?" భారతి ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని అడిగింది.

"మూడు దినాలు వాన అక్కా. కాలం కాని కాలంలో. తోటలు తోటలే మునిగినాయి. కోతలు లేవు, పోండి అన్యారు. రెండు దినాలాయ, మావోళ్లు సరిగ్గా తినక." అతను డిపో గది వైపు, లోపల కనిపిస్తున్న డేగిసా వైపు చూశాడు. ఒకప్పుడు నవ్విన నోటితో ఎలా అడగాలో తెలియక నిలబడ్డాడు.

"రా, అందరూ రండి," అంది భారతి. అవ్వ వస్తోందని ఎక్కువే వండించింది, ఉన్నది ఇంకో ఇరవై మందికి. కొంచెం సర్దితే ముప్పై. అరవై మందికి మళ్లీ పొయ్యి వెలిగించాలి. గదిలో ఉన్నవి మూడు బస్తాలు. ఆమె మనసులో లెక్క సాగుతూనే ఉంది.

జయన్న కదల్లేదు.

"ఇంగొక మాట ఉండాదక్కా. తిట్టొద్దు."

"ఏంది?"

"మా వెనకాల ఇంగా రెండు లారీలు వస్తాండాయి. మన ఊరోళ్లు కాదు. ఎవురో, యా ఊరో నాకూ సరిగ్గా తెలీదు. తోవలో కలిసినారు. సంకన బిడ్డలుండారు." అతను తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మా ఊర్లో ఒక అక్క ఉండాది, పొయ్యి పెట్టింది, ఎవురొచ్చినా పెడతాది అని నేనే సెప్పినా."

అతని మాట పూర్తి కాకముందే, వంక అవతల ఎర్రటి దుమ్ము లేచింది.